వేడి అనే వరుస

వరంగల్,
22-9-1985, ఆదివారం.

చిరంజీవి మల్లికార్జున్‌కు బావ వెంకట్రాజం దీవించి రాయునది.

రాత్రి నుంచి ముసురు. పొద్దున లేచి పొయ్యి కూరిన.

నా రోజు లెక్క పుస్తకం ఇట్లనే మొదలవుతది. తారీఖు, వాన ఎండ, చేసిన పని. ఉత్తరం గూడ అట్లనే వచ్చింది, నవ్వకు. వేరే రకంగ మొదలుపెట్టుడు నాకు రాదు.

నీ కార్డు అందింది. రామగుండం కరెంటు ప్లాంటు నుంచి డెన్మార్క్‌కు ట్రైనింగుకు పంపితే ఎనిమిది నెలలు ఉండి రావుడు చిన్న సంగతి కాదు. లైబ్రరీల పటం తీసి ఆ దేశం చూసిన. బొటనవేలు పెడితే కప్పుకపోతది. ఇంటికొచ్చి మీ అక్కకు చెప్తే "గంత చిన్న దేశంల వానికి అన్నం దొరుకుతదా?" అన్నది.

డిపోల పని ఎప్పటి లెక్కనే. బొగ్గు లారీలు వస్తున్నయి, నేను రాసుకుంటున్న. ముసురుకు పొయ్యికని తెచ్చిన సా మిల్లు రంపపు పొట్టు తడిసింది. రాత్రి సంచి లోపల పెట్టుకోవాల్సింది. తడి పొట్టు తొందరగ అంటుకోదు, పొగ ఎక్కువ. పొయ్యి డబ్బా నడుమ సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు గట్టిగ కూరి, సీసా తీసినంక ఆ తొవ్వల మంట లేవాలె. ఇవాళ లేవలేదు. మీ అక్క మూడుసార్లు ముట్టిచ్చింది.

నీ పెండ్లాం అరుణ నువ్వు లేక క్వార్టర్‌ల ఒక్కతే ఉంటున్నది గద, దసరకు రమ్మని కార్డు రాసిన. మీ అక్క బాగున్నది.

ఇట్లు,
వెంకట్రాజం


ఓడెన్సె, డెన్మార్క్,
14-10-1985.

బావకు, అక్కకు నమస్కారాలు.

ఇక్కడ ఇంకా చలికాలం రాలేదంటున్నారు. నాకు మాత్రం వచ్చేసింది. రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని క్లాసుకు వెళ్తున్నాను.

మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. కరెంటు తీశాక మిగిలిన వేడిని మన ప్లాంటులో నీళ్లకూ గాలికీ వదిలేస్తాం కదా. ఇక్కడ వదలరు. దాంతో నీళ్లు కాచి గొట్టాల్లో ఊరంతా పంపుతారు. మనకు నల్లా నీళ్లు వచ్చినట్టు ఇంటింటికీ వేడి వస్తుంది. నా గదిలో కిటికీ కింద ఇనుప పెట్టె ఉంది, దాని చెవి తిప్పితే గది వెచ్చబడుతుంది. పక్కగది ముసలాయన గది ఎక్కువ వేడెక్కితే కిటికీ తెరుస్తాడు. "చెవి కట్టేయొచ్చు కదా" అని అడిగాను. "అద్దెలోనే ఉంది, ఎందుకు కట్టాలి?" అన్నాడు.

ఇక అసలు పని. బొగ్గు కాలితే వచ్చేది మనకు కనబడే పొగ ఒక్కటే కాదట. కనబడని బొగ్గుపులుసు వాయువు పైకి పోయి అక్కడే పోగవుతోందట, భూమికి గొంగడి కప్పినట్టు. గొంగడి మందమైన కొద్దీ కింద ఉక్క. బయటి దేశాల నుంచి వచ్చిన మాలో ప్రతి ఒక్కరూ తమ దేశాన్నీ ఈ దేశాన్నీ పోల్చి ఒక పేపరు రాయాలి. లెక్క పట్టికలో వరుసలు రెండే. కరెంటు ఒకటి, వేడి ఒకటి. ఏ దేశం ఎంత వదులుతోంది? ఫిబ్రవరిలో అందరి ముందూ చదవాలి.

పుస్తకాల్లో అంకెలు నాకు దొరుకుతాయి. ఆ బొగ్గు ఎవరి చేతికి పోతోందో దొరకదు. మీరు రోజూ చూసేదే. తీరికగా రాసి పంపండి.

అక్క గురించి ఒక్క ముక్కే రాశారు. కొంచెం ఎక్కువ రాయండి.

మీ
మల్లికార్జున్


వరంగల్,
10-11-1985, ఆదివారం.

చి. మల్లికార్జున్‌కు,

చలి మొదలైంది. పొయ్యి కూరిన. లాంతరు చిమ్నీ తుడిచిన, రాత్రిళ్లు కరెంటు పోతున్నది.

నువ్వు అడిగినది రాస్త. మా డిపో బొగ్గు ఇటుక బట్టీలకు పోతది, చాయ్ హోటళ్లకు పోతది, ఇస్త్రీ బండ్లకు పోతది. పెద్ద బొగ్గు మా దాక రాదు. అది గనుల నుంచి సీదా మీ ప్లాంటుకు, కాజీపేట మీదుగ గూడ్సు బండ్లల్ల మిగతా ప్లాంట్లకు పోతది. ఆ బండ్లు పోతుంటే గేటు కాడ ఆగి చూస్త. అంత బొగ్గు పోయినంక గూడ మా వీధిల రాత్రి చీకటే. ఎవరి ఇంట్ల వెలుగుతున్నదో మరి.

పోల్చుడు గురించి ఒక మాట. హాస్టల్ల రెండొందల మంది పిల్లలు తినే బియ్యం మా సేటు ఇంట్ల తినే బియ్యం కన్న ఎక్కువే. అట్లని పిల్లలు తిండిపోతులు అంటమా? దేశం మొత్తం మీద ఎంత అనేది ఒక తీరు, తలకాయకు ఎంత అనేది ఇంకో తీరు. రెండూ రాయి. ఒకటే రాస్తే ఎవరికి కావల్సింది వాళ్లు ఏరుకుంటరు.

వేడి అనే వరుస మనకెందుకో నాకు సమజ్ కాలేదు. మనకు వేడి ఊరికెనే వస్తది, వద్దన్నా వస్తది.

నాకు ఈ మధ్య పని మీద మనసు పట్టుత లేదు. వయసు కావచ్చు. మీ అక్కకు కొంచెం పడిశం. తగ్గుతది.

వెంకట్రాజం


ఓడెన్సె,
5-12-1985.

బావకు నమస్కారాలు.

మీ హాస్టలు బియ్యం సంగతి మా మాస్టారికి చెప్పాను. నవ్వి, రెండు తీర్లా రాయమన్నారు. రాశాను. నాది ఉజ్జాయింపు లెక్క, పట్టుకుని కూర్చోకండి. దేశాలుగా చూస్తే మనం ఈ చిన్న దేశానికి నాలుగైదు రెట్లు వదులుతున్నాం. తలకు పంచితే తిరగబడుతుంది. ఇక్కడి ఒక్క మనిషి మన మనిషికి ముప్పై నలభై రెట్లు. నా పక్కగది ముసలాయన కిటికీ తెరిచిన ప్రతిసారీ నాకు మీ వీధి చీకటి గుర్తొస్తోంది. ఆయన మంచివాడే. నిన్న నాకు రొట్టె ఇచ్చాడు.

ఇప్పుడు నాకైన పరువుతక్కువ వినండి. మన దేశానికి వేడి వరుసలో సున్నా పెట్టి, మాది వేడి దేశం, అవసరం లేదని క్లాసులో చెప్పాను. టాంజానియా నుంచి వచ్చిన రెహెమా అనే ఆమె ఉంది. వెనక బెంచీ నుంచి అడిగింది.

"మీ ఆడవాళ్లు బియ్యం ఎండలో పెడతారా ఉడకడానికి?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసి, అన్నం ఉడకడానికి వేడి కావాలన్నది నాకు తట్టలేదు.

అందుకని అడుగుతున్నాను. అక్క రోజూ ఏం కాలుస్తుంది, ఎంత, ఎంతసేపు? మీరు పక్కన కూర్చుని చూసి రాయండి. సున్నా బదులు ఏదో ఒకటి పెట్టాలి.

పడిశం తగ్గిందా?

మీ
మల్లికార్జున్


వరంగల్,
29-12-1985, ఆదివారం.

చి. మల్లికార్జున్‌కు,

పొగమంచు పొద్దెక్కిన దాక విడువలేదు. పొయ్యి కూరిన. ఇవాళ నువ్వు చెప్పినట్టు వంటింట్ల కూసున్న.

ఇన్నేండ్లు పొద్దున పొయ్యి కూరుడు నా పని, ముట్టిచ్చుడు మీ అక్క పని. కూరి నేను డిపోకు పోత. ముట్టిచ్చినంక లోపల ఎట్లుంటదో కూసొని చూసింది ఇవాళనే.

ఒక పూటకు డబ్బా నిండ పడుతది. పొట్టు ఒక్కటే అయితే మధ్యాహ్నం కాకముందే ఆరిపోతది. అందుకని నేను మూడు పాళ్ల పొట్టుకు ఒక పాలు బొగ్గు పొడి కలుపుత. లారీ దిగినంక డిపోల ఊడ్చిన పొడి, ఎవరికీ పనికిరానిది. అది కలిపితే సెగ పొద్దుగూకే దాక ఉంటది. రెండో పూట మళ్ల కూరే పని లేదు. ఈ ఉపాయం నాదే. మా వాడకట్టుల ఇద్దరు ముగ్గురు నన్ను చూసి నేర్చుకున్నరు. దీన్ని నువ్వు పొట్టు కింద రాస్తవా, బొగ్గు కింద రాస్తవా?

వంటింటికి కిటికీ లేదని నీకు ఎరుకే. వెనక గోడ అవతల పక్కోళ్ల గోదాము. పొగ నడిమింట్లకెల్లి వీధి తలుపు దాక నడిచిపోవాలె. చలికి ఆ తలుపు గూడ మూసినం. కొద్దిసేపటికి నాకు తల పట్టినట్టయింది, కడుపుల తిప్పింది. లేచి బయట అరుగు మీద కూసున్న. మీ అక్కను రమ్మంటే కూర మాడుతదన్నది, రాలేదు.

ఇది నీ పేపరుకు పనికొచ్చే సంగతి కాదు. చూసింది రాయమన్నవు గనుక రాసిన.

వెంకట్రాజం

తమ్మీ, కింద జర జాగ ఉంటే నేను రాస్తాన. మీ బావ అంగీ తొడుక్కుంటాండు, పోస్టు డబ్బా కాడికి పోతడట. నేను ఐదో తరగతి దాక చదివిన సంగతి ఆయన మర్చిపోయిండు. పొయ్యి ముంగట పీట ఏసుకొని తరాజుల పొట్టు తూసుడు, గడియారం చూసుడు. ఎదురింటి సోమక్క తొంగి చూసి "ఏందే అనసూయా, మీ సారు వంట నేర్చుకుంటాండా, వేరు కాపురం పెడుతాండా" అని ఒకటే నవ్వుడు.

పడిశం అని రాసిండట నీకు. దసరకాడికెల్లి పడిశం ఉంటదా? పండుకుంటే దమ్ము వస్త లేదు. గోడకు ఒరిగి కూసుంటే జర నయం. నల్లా కాడికెల్లి బిందె తెస్తే నడుమ రెండుసార్లు దించుతాన. ఆయనకు చెప్పలే. చెప్తే ఫికర్ పడుతడు, పడి ఒక్క మాట మాట్లాడడు, ఆ మొకం చూసుడు దగ్గుకన్న కష్టం. నువ్వు ఫికర్ పడకు. గాడ పొయ్యి కూరే పనే లేదట గద, మరి మీ మాస్టరు పెండ్లాం పొద్దంత ఏం చేస్తది?

అక్క


ఓడెన్సె,
17-1-1986.

బావా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. పెద్దవారు, మీకు చెప్పేంత వాణ్ని కాను.

ఆ బొగ్గు పొడి వద్దు. ఈ కాగితం చదివిన పూట నుంచే వద్దు. మూసిన గదిలో అది కాలితే వచ్చే విషవాయువు కంటికి కనబడదు, వాసన రాదు. ఆ ఆదివారం మీకు తల పట్టింది దానికే. మీరు లేచి అరుగు మీదికి వచ్చారు. అక్క ఎన్నేళ్ల నుంచో అక్కడే కూర్చుంటోంది.

మీరు ఆమె రెండో పూట శ్రమ తప్పించాలనే చేశారు. నాకు తెలుసు. వాడకట్టులో నేర్చుకున్న వాళ్లకు కూడా చెప్పండి.

అక్కను పెద్ద దవాఖానలో చూపించండి. ఆమె కింద రాసింది మీరు చదివారో లేదో నాకు తెలియదు. పడిశం కాదు బావా. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట.

నేను పేపరు కోసం అడిగాను. అడక్కపోతే ఇదీ తెలిసేది కాదు. కూర్చుని లెక్క రాసినందుకు మీకు థాంక్స్ చెప్పాలి. ఇవాళ చేతకావడం లేదు.

మల్లికార్జున్


వరంగల్,
2-2-1986, ఆదివారం.

చి. మల్లికార్జున్‌కు,

చలి తగ్గలేదు. పొయ్యి కూరిన, పొట్టు ఒక్కటే.

నీ ఉత్తరం చదివినంకనే మీ అక్క ఏం రాసిందో తెలిసింది. ఆమె రాసిన భాగం నేను చదువకుండనే కవరు అంటిచ్చిన. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదువొద్దనుకున్న.

బొగ్గు పొడి మానేసిన. నేర్పిన ఇండ్లకు పోయి నేనే చెప్పిన. ఒకాయన "ఇన్నేండ్లకు యాదికొచ్చిందా మునీం సాబ్" అన్నడు. తర్వాతి ఇంటికి నడిచిన.

దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నడు.

"బీడీ తాగుతవా అమ్మా?"

"మా ఇంటాయన గూడ తాగడు సారూ."

"పొయ్యి?"

"పొట్టు పొయ్యి."

"ఊపిరితిత్తులు పాడయినయ్. మునుపటి లెక్క కావు. ఉన్న కాడికి కాపాడుకోవాలె. పొగ దగ్గరికి పోవద్దు."

"ఎన్ని రోజులు సారూ?"

"రోజులు కాదమ్మా."

మీ అక్క రిక్షా దిగేటప్పుడు "పొగ కాడికి పోవద్దంటే అన్నం ఎవరు వండుతరట?" అన్నది. నేను వండుత అన్న. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చి అరుగు మీద కూసున్నది.

పొయ్యి ఇంటి ముంగట రేకుల కిందికి తెచ్చిన. నేనే వండుతున్న. ఆమె గడప లోపల కూసొని చెప్తది. నిన్న దూరం నుంచి చూసి "ఉప్పు ఎయ్యలే" అన్నది. నిజంగనే వెయ్యలేదు. అయితే గాలి మళ్లితే పొగ సీదా ఇంట్లకే పోతున్నది. తలుపు మూస్తే ఆమెకు దమ్ము ఆడదు, తెరిస్తే పొగ. చలి దాటేదాకన్న ఆమెను పొగకు దూరం పెట్టాలె. ఎట్లనో తోస్త లేదు. గ్యాసుకు పేరు రాయించి చాన ఏండ్లయింది. పోయి అడిగితే "మీ నంబరు ఇంక శాన దూరం ఉన్నది" అన్నరు. రేషను కిరసనాయిలు లాంతర్లకే చాలదు.

ఈసారి నీ పేపరుకు పనికొచ్చేది ఏమీ లేదు.

వెంకట్రాజం


ఓడెన్సె,
20-2-1986.

బావకు నమస్కారాలు.

పేపరు చదివేశాను. కరెంటు వరుస ఎవరూ తప్పు పట్టలేదు. వేడి వరుసలో మన దేశం పక్కన సున్నా కొట్టేసి అక్క పొయ్యి గురించి రాశాను. పొట్టు, పొడి, కిటికీ లేని గోడ. పేరు రాయలేదు.

మాస్టారు శ్రద్ధగా విన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. పొట్టు ఒకప్పుడు చెట్టు. కొత్త చెట్టు పెరిగితే అది వదిలిన వాయువును మళ్లీ పీల్చుకుంటుంది కనుక లెక్కలోకి రాదు. ఊడ్చిన పొడి గని దగ్గరే బొగ్గు కింద ఎక్కేసింది, మళ్లీ ఎక్కించకూడదు. అందుకని ఆ పొయ్యి ఏ వరుసలోకీ రాదు. ఈ లెక్క దేశం పైకి వదిలేదానికే కానీ ఇంట్లో మనిషి పీల్చేదానికి కాదు. ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదు. నేను సరేనని కూర్చున్నాను.

బయటికి వచ్చాక రెహెమా నా పక్కన నడుస్తూ, "మా అమ్మది కూడా ఏ వరుసలోకీ రాదు" అంది.

ఇప్పుడు గది వేడెక్కితే కిటికీ తెరవకుండా చెవి కట్టేసి శాలువా కప్పుకుంటున్నాను. దానివల్ల అక్కకు ఒరిగేది లేదని తెలుసు. అయినా కట్టేస్తున్నాను.

ఇంకొక సంగతి ఉంది. మీకు రాస్తే వద్దంటారని రాయడం లేదు. అరుణ వచ్చి చెబుతుంది. కాదనకండి.

మీ
మల్లికార్జున్


వరంగల్,
16-3-1986, ఆదివారం.

చి. మల్లికార్జున్‌కు,

ఎండలు మొదలైనయి. పొద్దున నల్లా నీళ్లు పట్టిన.

నువ్వు రాయని సంగతి మొన్న గురువారం బొగ్గు లారీల వచ్చింది. గనుల నుంచి రామగుండం మీదుగ బొగ్గు తెచ్చే మా డ్రైవరు ఎల్లస్వామి డిపో ముంగట ఆపి "మునీం సాబ్, ఇయ్యాల బొగ్గుతోని మీ చుట్టాన్ని గూడ దించుతాన, తూకం ఎయ్యకుండ్రి" అన్నడు. చూస్తే అరుణ. మొకం మీద బొగ్గు నుసి. కాళ్ల నడుమ గ్యాసు సిలిండరు పట్టుకొని కూసున్నది, ఒడిల పొయ్యి.

"ఇది మీ ఇంటిది గదమ్మా" అన్న.

"మొన్నటి దాక మాదే అన్నయ్యా."

"నువ్వు దేని మీద వండుకుంటవు?"

"కాయిల్ హీటరు కొన్న. కరెంటు ప్లాంటు పక్కపొంటి ఉండి కరెంటుకు కరువా?"

వద్దన్న. నీ పెనిమిటి వచ్చినంక చూద్దామన్న. ఆమె వినలేదు. "ఖాళీ అయినప్పుడల్ల ఎల్లస్వామి నా కాడికి తెస్తడు, నిండుది మీకు తీస్కొస్తడు. మాట్లాడుకున్న" అన్నది. నాకన్న ముందే అందరు మాట్లాడుకున్నరు. లారీ మా ఇంటి దాక తెచ్చి ఎల్లస్వామి సిలిండరు భుజాన పెట్టుకొని లోపలికి పోయిండు, నేను పక్కకు జరిగిన.

మీ అక్క దూరం నిలబడ్డది. అరుణ అగ్గిపుల్ల గీసి ముట్టిచ్చింది.

"పొగ ఏదే?"

"ఉండది వదినా."

"మరి మండుతాందని ఎట్ల ఎర్కైతది?"

"చెయ్యి పెట్టి చూడు."

పెట్టి గుంజుకున్నది. తర్వాత ఎవ్వరిని రానియ్యలేదు. ఆ గోడ పక్కన, ఆ పీట మీదనే కూసొని తనే చాయ్ పెట్టింది. నేను తలుపు కాడ నిలబడి విన్న. ఒకసారి దగ్గింది. నీళ్లు మరిగే దాక మళ్ల దగ్గలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్త. ఆమెకు పూర్తిగ నయం కాదు. బిందె ఎత్తలేదు, అది నా పనే. రాత్రి మాత్రం గోడకు ఒరగకుండ పండుకున్నది, కొద్దిసేపు. నేను మెలకువగ ఉండి చూసిన.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఇన్నేండ్లు మీ అక్క మింగిన పొగ ఏ లెక్కల లేదు. ఇప్పుడు గ్యాసు కాలుస్తున్నది, అది నూనె బావుల సరుకట గద, దేశం లెక్కల పడుతది. అరుణ కాయిలు మీ ప్లాంటు బొగ్గు కింద పడుతది. ఆమెకు ఊపిరి జర ఆడినంక మేము లెక్కకు వచ్చినం. ఎక్కువ ఏం కాదు, ఒక చాయ్, ఒక పూట అన్నం. వచ్చే సంవత్సరం ఎవరన్న పోల్చి తలకాయకు ఇంత పెరిగిందని అంటే, ఆ పెరిగిన దాంట్ల మీ అక్కది ఉన్నదని చెప్పు. ఏ వరుసలనో నీకే ఎరుక.

పొయ్యి నడుమ నిలబెట్టే సీసా కడిగి మీ అక్క నువ్వుల నూనె పోసుకున్నది. నన్ను అడగలేదు.

ఏప్రిల్‌ల నువ్వు దిగే రోజు ముందే రాయి, కాజీపేట స్టేషనుకు వస్త. ఇవాళ్టి లెక్క ఇంక పుస్తకంల ఎక్కించలేదు, ముందు ఇక్కడ రాసుకుంట. తారీఖు పైన ఉన్నది. ఎండ. డిపో బందు. నల్లా నీళ్లు పట్టిన. మిగిలిన పొట్టు సంచి సా మిల్లుల వాపసిచ్చిన. పొయ్యి కూరలేదు.

వెంకట్రాజం